ఫారంలో నేను రాసిన ‘లేదు’

డెబ్బయ్యో దశకం మొదట్లో మేము గుంటూరు నుంచి వచ్చి నాంపల్లిలో అద్దెకుండేవాళ్లం. నాకు రక్షణ శాఖ ఆఫీసులో స్టెనో ఉద్యోగం వచ్చింది. చేరేముందు పోలీసు విచారణ కోసం ఒక ఫారం నింపాలి. ‘ఎప్పుడైనా పరీక్షల నుంచి డిబార్ అయ్యారా?’ అన్న ప్రశ్న దగ్గర నా పెన్ను ఆగిపోయింది. పీయూసీలో చీటీతో దొరికిపోయి ఏడాదిపాటు డిబారయ్యాను.

“ఎవరికి తెలుస్తుందే? లేదని రాసెయ్,” అన్నారు నాన్న. రాసేశాను.

నెల తర్వాత మఫ్టీలో పోలీసాయన వచ్చి, ఇంటి యజమానురాలు లక్ష్మమ్మగారిని వాకిట్లో నా గురించి అడిగాడు. నేను కిటికీ వెనకే ఉన్నాను.

“మస్తు మంచి పిల్ల సారూ! కాపీ కొట్టిందని ఒక ఏడాది పరీక్ష రాయనియ్యలే. గయినా మళ్ల చదివి పాసయింది,” అని ఆవిడ నన్ను తెగ మెచ్చుకుంటోంది. కబుర్లలో నేనే ఎప్పుడో ఆవిడకు చెప్పుకున్న సంగతి అది. ఆయన రాసుకుంటున్నాడు. వెళ్లి ఆపలేను, వినకుండా ఉండలేను.

వారానికి ఆబిడ్స్‌లోని ఆఫీసుకు పిలిపించారు. “చిన్నతనంలో చేసిన తప్పు, దాన్ని వదిలేసేవాళ్లమేమో. కానీ రహస్య కాగితాలు టైపు చేయాల్సిన మనిషి మొదటి కాగితంలోనే అబద్ధమాడితే ఎలా నమ్మమంటావమ్మా?” అన్నారు ఆఫీసరు. ఉద్యోగం లేదన్న కాగితం తీసుకుని బయటికొచ్చాను.

ఇంటికొచ్చేసరికి లక్ష్మమ్మగారు ఎదురొచ్చి, “నీ గురించి మంచిగనే చెప్పిన బిడ్డా. నౌకరీ పక్కానేనా?” అంది ఆశగా. ఆవిడ చెప్పింది నిజమే, ఏమని కోప్పడను? అవునన్నట్టు తలూపి లోపలికి వెళ్లిపోయాను. అదీ అబద్ధమేనని గది తలుపు వేసుకున్నాక గాని తట్టలేదు.