పడవ నడిపినాయన పేరు

మా వీధి టీచరు గారు పోయారని ఆవిడ చెల్లెలి కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఆదివారం పొద్దున ప్రార్థనకి బయల్దేరి, చెప్పులు వేసుకుందామని కుర్చీలో కూర్చున్నారట. మరి లేవలేదు. ఎనభై దాటిన మనిషి, అనాయాసంగా వెళ్లిపోయారని అందరూ అన్నారు. నాకు మాత్రం దుఃఖం కంటే ముందు సిగ్గు వచ్చింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

భవానీపురంలో మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండేవారు. ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. చేతికి ఏ కాగితం వచ్చినా తప్పులు దిద్దకుండా కింద పెట్టేవారు కాదు. పెళ్లి శుభలేఖలైనా, చర్చి కరపత్రాలైనా అంతే. దిద్దింది ఎవరికీ చూపించేవారు కాదు, మడిచి బీరువాలో పెట్టుకునేవారు. మా అమ్మాయికి చూచిరాత నేర్పింది ఆవిడే. "రాని అక్షరం దగ్గర ఆగమ్మా, ఆగితే తప్పులేదు" అనేవారు.

ఉద్యోగం అయిపోయాక నేను మా ఊరి పేటల చరిత్ర రాయడం మొదలుపెట్టాను. ఒక చిన్న పత్రికలో వారం వారం వచ్చి, తర్వాత పుస్తకమైంది. అందులో అందరికీ నచ్చింది వరద వ్యాసం. వెనకటి రోజుల్లో కృష్ణ పొంగి ఏటి ఒడ్డు గుడిసెల్లోకి నీళ్లొస్తే, బడి హెడ్మాస్టరు గారు తానే పడవ నడిపి జనాన్ని బడి మేడ మీదకి చేర్చారని రాశాను. ఆ హెడ్మాస్టరు మా టీచరు గారి నాన్నగారే. ఆ పడవ సంగతి నాకు చెప్పింది టీకొట్టు దగ్గర కలిసిన ఒక పెద్దాయన. ఆయన కూడా ఎవరో చెప్పగా విన్నదే. మూడిళ్ల అవతల సొంత కూతురుందని తెలిసీ నేను వెళ్లి అడగలేదు. పుస్తకం చేతిలో పెట్టి సంతోషపెట్టాలనుకున్నాను.

పుస్తకం ఇచ్చిన మర్నాడే ఆవిడ వచ్చారు. మంచినీళ్లు కూడా వద్దన్నారు.

"మా నాన్నగారికి ఈత రాదండీ. నీళ్లంటే భయం. పడవ నడిపింది ఏటి ఒడ్డునుండే పడవాయన. నాన్నగారు మేడ మెట్ల మీద నిలబడి, వచ్చినవాళ్ల పేర్లు రాసుకున్నారు, ఇంకా ఎవరు రాలేదో తెలియాలని. ఆ కాగితం చదివించుకుని, రానివాళ్ల కోసం ఆ పడవాయన మళ్లీ మళ్లీ వెళ్లాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆ మెట్ల మీదే ఉన్నాను."

నేను నవ్వేశాను. "మీ నాన్నగారికి వచ్చిన పేరు మీరే తీసేస్తారా, టీచరు గారూ?"

ఆవిడ నవ్వలేదు. "అది ఆయనది కాదండీ" అన్నారు.

పడవాయన పేరు చెప్పారు. ఆయన మనవడికి ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపుందని, వెళ్లి మాట్లాడమని అన్నారు. రెండో ముద్రణలో మారుస్తానన్నాను. ఆ సమయం వచ్చినప్పుడు ప్రెస్సువాళ్లు మార్పులేమైనా ఉన్నాయా అని అడిగితే, లేవన్నాను. మరచిపోయి కాదు. ఆ వ్యాసానికే నాకు శాలువా కప్పారు. సభల్లో ఆ కథ చెప్పినప్పుడల్లా చప్పట్లు మోగేవి. మెట్ల మీద నిలబడి పేర్లు రాసుకున్న మనిషికి చప్పట్లెవరు కొడతారులే అనుకున్నాను.

తర్వాత ఇంకో రెండుసార్లు గుర్తుచేశారు. ఎప్పుడూ గొంతు పెంచలేదు. చివరిసారి మా గేటు దగ్గర నిలబడి, "తెలియక రాస్తే పొరపాటండీ. తెలిశాక కూడా ఉంచితే దానికి వేరే పేరుంది" అన్నారు. అని, నా బీపీ ఎలా ఉందో కనుక్కుని వెళ్లారు.

సమాధుల తోటలో పాస్టరు గారు నా పుస్తకం తెరిచారు. ఎంతో ప్రేమగా ఆ పేజీ చదివి, ఇలాంటి వీరుడి బిడ్డ మన టీచరు గారు అన్నారు. పెట్టె ఇంకా మూయలేదు. బతికుండగా ఆవిడ మూడుసార్లు కాదన్న మాటని, కాదనలేని స్థితిలో ఆవిడ ఎదుటే చదివేలా చేసింది నేను. తర్వాత నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. అప్పుడైనా చెప్పాల్సింది. ఆవిడ చేతిరాత ఎంత అందంగా ఉండేదో చెప్పి వచ్చి కూర్చున్నాను.

ఆ పుస్తకం మీ దగ్గరుంటే దయచేసి వరద వ్యాసం దిద్దుకోండి. హెడ్మాస్టరు గారు పడవ ఎక్కలేదు. పేర్లు రాశారు. ఆ పేర్లు రాయకపోతే ఎంతమంది నీళ్లలో మిగిలిపోయేవారో.

పడవ నడిపినాయన పేరు ఇక్కడ రాద్దామంటే నాకు గుర్తురాలేదు. ఆవిడ చెప్పిన ప్రతిసారీ తలూపానే తప్ప ఒక్కసారీ రాసుకోలేదు. టీచరు గారి చెల్లెలి కూతుర్ని షాపు ఎక్కడో అడిగి, పోయిన వారం ఆటోనగర్ వెళ్లాను. మనవడికి నలభై ఏళ్లుంటాయి. లారీ బాడీకి అతుకులు వేస్తున్నవాడు, నేనెవరో చెప్పగానే లేచి స్టూలు తుడిచి వేశాడు.

"టీచరమ్మ గారు రెండుసార్లు వచ్చారండీ" అన్నాడు. "పుస్తకంలో తప్పు పడింది, మనసులో పెట్టుకోకు బాబూ అన్నారు. ఆ మోకాళ్లతో రెండు ఆటోలు మారి వచ్చారు."

నా తప్పుకి ఆవిడ వచ్చి క్షమాపణ చెప్పుకున్నారన్నమాట. కలం తీసి వాళ్ల తాత పేరు అడిగాను. తప్పు లేకుండా ఎలా రాయాలో చూపించమన్నాను.

అతను జేబులోంచి సుద్దముక్క తీసి, కోతకి సిద్ధంగా ఉన్న ఇనప రేకు మీద వంగి, పెద్ద అక్షరాలతో నెమ్మదిగా 'నాంచారయ్య' అని రాశాడు. నేను ఒక్కో అక్షరం చూసి రాసుకున్నాను. పని మళ్లీ మొదలుపెడుతూ, అతను ఆ రేకుని ఎత్తి గోడకి ఆనించాడు. లోపలికి వెళ్లి వేరే రేకు లాక్కొచ్చి, దాన్ని కోయడం మొదలుపెట్టాడు.