పెద్దల్లుడి ముందు సీటు

నీళ్ళలో పడ్డవాళ్ళ వార్తలు నేను చాలా దిద్దాను. రేవులో జారినవాళ్ళు, స్కూటరుతో సహా కాలవలోకి దిగిపోయినవాళ్ళు, సెల్ఫీ కోసం వెనక్కి నడిచి నడిచి కృష్ణమ్మను పలకరించినవాళ్ళు. విజయవాడలో పత్రిక డెస్కు మీద కూర్చున్నవాడికి ఇలాంటి వార్తలకు కరువుండదు. ప్రతిదానికీ చివర "ప్రమాదానికి కారణాలు తెలియరాలేదు" అని ఒక ముక్క తగిలించి పేజీ వదిలేసేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయే ప్రమాదానికి మాత్రం కారణం పూర్తిగా తెలుసు. పడింది నేను. పడేసింది నేను. మధ్యలో అన్యాయంగా తడిసింది మా తోడల్లుడు.

తోడల్లుడనే బంధుత్వాన్ని ఎవరు కనిపెట్టారో గాని మంచి ఉద్దేశంతో కనిపెట్టి ఉండరు. అన్నదమ్ములైతే గట్టు గురించి కొట్టుకుంటారు, వియ్యంకులైతే మర్యాదల గురించి అలుగుతారు. తోడల్లుళ్ళకు పోట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. అందుకని అసూయ పడతారు.

మా అత్తగారిది పామర్రు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయి సుజాత నా భార్య. చిన్నమ్మాయి లలితను చేసుకున్నవాడు శ్రీధర్, ఇబ్రహీంపట్నంలో ఇంజినీరు. అతను వచ్చేదాకా ఆ ఇంటికి నేను అల్లుణ్ణి. వచ్చాక పెద్దల్లుణ్ణి. చాలామంది దీన్ని ప్రమోషన్ అనుకుంటారు. కాదండీ, ముందు "పెద్ద" చేరిందంటే వెనక ఇంకొకడు చేరాడని అర్థం.

అయితే మా అత్తగారింటి పద్ధతిలో నాకొక ఊరట ఉండేది. మొదటి విస్తరి పెద్దల్లుడిది. మొదటి వాయి గారెలు పెద్దల్లుడివి. కారెక్కితే ముందు సీటు పెద్దల్లుడిది. నా ఆధిక్యమంతా వీటి మీదే నిలబడి ఉంది. మిగతా విషయాల్లో శ్రీధర్ నాకంటే పొడుగు, నాకంటే సన్నం. నా నెత్తి మీంచి వలసపోయిన జుట్టు అతని నెత్తి మీదే స్థిరపడిందని నా అనుమానం. అన్నిటికన్నా క్షమించరాని విషయం, మంచివాడు.

అలాంటివాడు కయాకింగ్ మొదలుపెట్టాడు. కయాక్ అంటే, బీరకాయను నిలువునా చీల్చి గుజ్జు తీసేసినట్టుండే సన్నటి పడవ. అందులో కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు చివర్లా రెక్కలున్న తెడ్డుతో కుడొకసారి ఎడమొకసారి నీళ్ళు తోసుకుంటూ పోవాలి. కృష్ణలో కొన్నాళ్ళు తోశాడు, తర్వాత బందరు వెళ్ళి సముద్రంలో తోశాడు. తోసినప్పుడల్లా ఫొటోలు చుట్టాల గ్రూపులో పడేవి. వెంటనే పామర్రు నుంచి ఫోను.

"చూశావటే సుజా, చిన్నల్లుడుగారు ఒక్కరే సముద్రంలోకి వెళ్ళొచ్చారట! ఎంత ధైర్యమే తల్లీ! అవునూ, పెద్దల్లుడుగారేం చేస్తున్నారు?"

"నిద్రపోతున్నారమ్మా."

నేను నిద్రపోవడం లేదు. దుప్పటి కింద ఊకకుంపటిలా కాలుతున్నాను. లేచి కూర్చుని ప్రకటించాను.

"నేనూ కయాకింగ్ నేర్చుకుంటాను."

"మీరా? కాలవ వంతెన మీంచి వెళ్ళేటప్పుడే కారు డోరు పట్టుకుంటారు కదండీ?"

"అది కారు మీద అపనమ్మకం. నీళ్ళ మీద కాదు."

మా భవానీపురం రేవులోనే శిక్షణ. నేర్పే అమ్మాయి పేరు ప్రశాంతి. మెడలో విజిల్, మొహంలో పేరుకు తగ్గ నిదానం. శ్రీధర్ అప్పటికే నేర్చేసుకున్నాడు గాని, "అన్నయ్యగారికి తోడుగా" అంటూ వచ్చాడు. వచ్చినవాడు మామూలుగా వచ్చాడా? సొంత లైఫ్ జాకెట్టుతో వచ్చాడు. నారింజరంగు, వెండిగీతలు, జేబులు, ఆ జేబులకు మళ్ళీ జిప్పులు. నాకు ఇచ్చిన క్లబ్బు జాకెట్టు ఎంతమందిని కాపాడి అలిసిపోయిందో, రంగే మర్చిపోయింది. పైగా నా పొట్ట దగ్గర పట్టీ అందలేదు.

"ఊపిరి బిగబట్టండి సార్," అంది ప్రశాంతి.

"బిగబట్టే ఉన్నానమ్మా."

ఒంటరి పడవలో తెడ్డు వెయ్యడం నేర్పింది. కావాలని బోల్తాపడి మళ్ళీ ఎక్కడం నేర్పింది. నేను ఎక్కాను అనడం కంటే నన్ను ఎక్కించారు అనడం న్యాయం. బస్తాను లారీలోకి ఎత్తినట్టు ఎత్తారు. ఆఖరున అందర్నీ గట్టు మీద కూర్చోబెట్టి, ఇద్దరు కూర్చునే కయాక్ గురించి చాలాసేపు చెప్పింది. ఆ చెప్పిందంతా నేను వినలేదు. శ్రీధర్ జాకెట్టుకు ఎన్ని జేబులున్నాయో, అన్ని జేబుల్లో ఒక మనిషి ఏం పెట్టుకుంటాడో తేల్చే పనిలో ఉన్నాను.

ఆదివారం భార్యలతో సహా బందరు ప్రయాణం. పామర్రు దారిలోనే కనక అత్తగారు కూడా బయల్దేరారు, గారెలూ కోడికూరా పులిహోరా క్యారేజీల్లో సర్దుకుని. అల్లుళ్ళిద్దరూ సముద్రం మీద కనిపించే దృశ్యం మరి మిస్సవకూడదు కదా! నా గుండెలో మాత్రం ఒకటే గుబులు. ఇవాళ గనక నేను శ్రీధర్ ముందు తేలిపోయానంటే, రేపట్నించి మొదటి వాయి దిశ మారిపోతుంది.

ఒడ్డున ఇద్దరి కయాక్ సిద్ధంగా ఉంది. ముందొక సీటు, వెనకొక సీటు.

శ్రీధర్ నసిగాడు. "అన్నయ్యగారూ, మీరు వెనక కూర్చుంటే బాగుంటుందేమోనండి. కొంచెం బరువు..."

చూశారా కుట్ర! అత్తగారు చూస్తుండగా ముందు సీటు కొట్టేద్దామని!

"పర్వాలేదు శ్రీధర్. ముందు కూర్చోవడం నాకు అలవాటే," అన్నాను, కారు డోరు తీసే ఠీవితో. దర్జాగా ముందు కూర్చుని ఒడ్డుకేసి చెయ్యి ఊపాను. అత్తగారు కొంగు సర్దుకుని మర్యాదగా తలూపారు. ఆ క్షణంలో నన్ను చూస్తే ఓడల కంపెనీ యజమాని అనుకుంటారు.

పొద్దుటి సముద్రం పరిచిన చాపలా ఉంది. చిన్న అలలు దాటుకుని లోపలికి వెళ్ళాం. నేను తెడ్డు వేస్తున్నాను, పడవ చెప్పినట్టు తిరుగుతోంది. నా అంతటివాడు లేడనుకున్నాను. అంతలో పక్కన తన కయాక్‌లో వస్తున్న ప్రశాంతి కేకేసింది.

"సూపర్ శ్రీధర్ గారూ! ఎంత బాగా నడుపుతున్నారండీ!"

నేను తెడ్డు ఆపాను.

"శ్రీధర్, ఆ అమ్మాయి పేరు పొరపాటు పడిందా?"

"లేదండి అన్నయ్యగారూ. పడవ తిప్పేది వెనక కూర్చున్నవాళ్ళే కదండి."

"మరి ముందు కూర్చున్నవాళ్ళు?"

"ముందువాళ్ళు ఆగకుండా తెడ్డేస్తుంటే చాలండి. దారి సంగతి వెనకవాళ్ళు చూసుకుంటారు."

"అంటే నేను ఎద్దునీ నువ్వు బండివాడివీనా?"

"అయ్యయ్యో, అంత మాట! మీరు ముందుండటం వల్ల నాకు ఎదురుగాలి కూడా తగలట్లేదండి."

ఓదార్పుకోసం అన్న మాటే. కాని ఎద్దుతో పాటు తడిక ఉద్యోగం కూడా నాకే వచ్చిందని తేలింది. ఒడ్డు వైపు చూశాను. లలిత గంతులేస్తూ వాళ్ళమ్మకు ఏదో చెబుతోంది. ఏం చెబుతోందో నాకు వినబడకపోయినా తెలుసు. "అమ్మా, నడిపేది మా ఆయన!"

"శ్రీధర్, సీట్లు మారదాం."

"ఒడ్డుకు వెళ్ళాకాండి?"

"ఇప్పుడే."

"నీళ్ళ మీద మారకూడదని ప్రశాంతిగారు మరీమరీ చెప్పారు కదండి!"

"ఎప్పుడు చెప్పింది?"

"మీరు నా జేబులు లెక్కపెడుతున్నప్పుడండి."

ఇంకొకడైతే సిగ్గుపడి కూర్చునేవాడు. నేను లేచి నిలబడ్డాను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు మునుగుతాడని పెద్దలన్నారు. ఒకే పడవలో రెండు సీట్ల మీద కాళ్ళు పెట్టేవాడొకడు పుడతాడని వాళ్ళకూ తట్టలేదు.

"అన్నయ్యగారూ, కూర్చోండి! దండం పెడతా, కూర్చోండి!"

వెనక్కి తిరిగాను. పడవ కూడా తిరిగింది, నేను తిరిగిన వైపు కాదు. ఆకాశం కింద కనబడింది. అక్కణ్ణించి ఉప్పునీళ్ళ వివరాలు మీకెందుకు లెండి. తేలాక చూస్తే పడవ బోర్లా ఉంది, దానికి అటు శ్రీధర్, ఇటు నేను. కాళ్ళకు నేల తగలడం లేదు. ఇద్దరం చెరో పక్క వేలాడుతుంటే బట్టలు ఆరేసినట్టున్నాం.

విజిల్ మోగింది. ప్రశాంతి రయ్యిన వచ్చి, మా పడవను తిరగేసి పట్టుకుంది.

"ఎవరో ఒకరు ముందెక్కండి! రెండోవారు అటు పట్టుకోండి!"

"అన్నయ్యగారూ, ముందు మీరు," అన్నాడు శ్రీధర్, ముక్కులోంచి సముద్రం కారుతుండగా.

నా ఎక్కుడు సంగతి రేవులోనే తెలిసింది కదా! అత్తగారి ఎదట ఆ బస్తా ప్రదర్శన ఇష్టంలేక, "పర్లేదు, ముందు నువ్వు ఎక్కు," అన్నాను.

"ఎంత మాట! మీరుండగా నేనెలా..."

"మొహమాటపడకు శ్రీధర్."

"లేదండి, పద్ధతి కాదండి."

"సార్!" ప్రశాంతి అనే ఆ అమ్మాయి జీవితంలో మొదటిసారి కోపంతో అరిచి ఉంటుంది. "ఇదేమన్నా పెళ్ళి బంతి అనుకున్నారా! ఎక్కండి!"

ఎక్కాను. జాకెట్టు పట్టుకుని ఆమె లాగింది, కింద నుంచి శ్రీధర్ నెట్టాడు. వాళ్ళు పడేసిన చోటే పడ్డాను. చూసుకుంటే అది వెనక సీటు! ప్రాణం పణంగా పెట్టి కోరుకున్న సీటు! కాని శ్రీధర్ ముందు సీట్లోకి ఎక్కేసరికి ప్రశాంతి మా పడవకు తాడు కట్టేసింది. "మీరిద్దరూ దేన్నీ ముట్టుకోవద్దు," అని చెప్పి, తప్పిపోయిన దూడను ఇంటికి తోలుకొచ్చినట్టు ఒడ్డుకు లాక్కొచ్చింది.

ఒడ్డున అంతా మా చుట్టూ చేరారు. సుజాత నా తల తుడుస్తూ, "హాయిగా కారు డోరు పట్టుకుని కూర్చోకపోయారా," అని పళ్ళ మధ్య నుంచి గొణిగింది. పడేసింది ఎవరో అందరూ చూశారు. నేను అత్తగారి చేతిలోని గారెల పళ్ళెం వంకే చూస్తున్నాను, తీర్పు కోసం ముద్దాయి చూసినట్టు. ఆవిడ మా వైపు నడిచారు. నా దగ్గరికి రావచ్చు, శ్రీధర్ దగ్గరికీ వెళ్ళొచ్చు. ఇద్దరి మధ్యా ఆగారు.

లలిత ఉండబట్టలేకపోయింది. "అమ్మా, ఇవాళైనా మొదటి గారె మా ఆయనకు పెట్టవే! పాపం, బావగారి వల్ల మునిగారు!"

అత్తగారు పళ్ళెం నా చేతికిచ్చి, నింపాదిగా అన్నారు.

"తప్పమ్మా. నేను కళ్ళారా చూశాను. నీళ్ళల్లో కూడా పెద్దల్లుడుగారే ముందు పడ్డారు, చిన్నల్లుడుగారు ఆ తర్వాతే పడ్డారు. అక్కడ తప్పని పద్ధతి ఇక్కడెందుకు తప్పాలి?"

బీచంతా నవ్వింది. శ్రీధర్ మాత్రం నేను నవ్వేదాకా ఆగి, నా తర్వాత నవ్వాడు. ఆ సంస్కారం చూసి నాకు ఇంకోసారి కడుపు మండింది.

కనక బంధుమిత్రుల సమక్షంలో, ఉప్పునీళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నీళ్ళ మీద తేలే ఏ వాహనంలోనూ ముందు సీటు అడగను, వెనక సీటు అడగను, అసలు సీటే అడగను. భద్రత గురించి ఎవరు చెప్పినా పక్కవాడి జాకెట్టు చూడకుండా చెవులొగ్గి వింటాను. ఇక తోడల్లుడి మీద అసూయ మానేస్తానని కూడా రాద్దామనుకున్నాను గాని, నిర్ధారణ కాని వార్త అచ్చువెయ్యడం నాకు అలవాటు లేదు.