మా చెలకలో వంకర సాళ్లు

ఆ రోజుల్లో ఏ పని ఎవరిదో ఎవరూ ఎవరికీ చెప్పేవాళ్లు కాదు. పుట్టేటప్పుడే తెలుసుకొని పుట్టినట్టు ఉండేవాళ్లం. దున్నడం మగవాళ్లది, కలుపు తీయడం ఆడవాళ్లది. మోట కొట్టడం వాళ్లది, నీళ్లు మోయడం మాది. గడ్డివాము వేసేది వాళ్లు. ఆ వాములోంచి గడ్డి పీకి పశువులకు వేసి, పేడ ఎత్తి, పిడకలు కొట్టేది మేము. జొన్నలు విత్తేటప్పుడు కూడా గొర్రు మేడి, అంటే దాని పిడి, పట్టుకొని ఎడ్లను తోలేది మగవాడు. ఒడిలో గింజలు కట్టుకొని, గొర్రుకుండే జడ్డిగంలో (అదొక చిన్న చెక్కగిన్నె లెండి, దాని అడుగు నుంచి మూడు గొట్టాలు భూమిలోకి దిగుతాయి) పిడికిలి సందులోంచి గింజలు వదులుతూ వెంట నడిచేది ఆడది. ఆడది మేడి ముట్టకూడదు. ఎందుకని మా అవ్వను అడిగితే "వానలు వడయి బిడ్డా" అన్నది. మగవాళ్లు ముట్టుకున్న ఏళ్లలో కూడా సగం ఏళ్లు వానలు పడలేదు కదా అని తిరిగి అడగాలని నాకు తట్టలేదు. తట్టేసరికి అవ్వ లేదు.

నేను కట్టంగూరు దగ్గరి ఒక ఊరికి కోడలిగా వచ్చిన రెండో ఏడు సంగతి ఇది. పోలీసు యాక్షన్ అయిపోయింది. రజాకార్ల భయం తీరిందని ఊరంతా ఊపిరి పీల్చుకునేలోపే సడక్ పక్కన కొత్త పోలీసుల క్యాంపు దిగింది. సంఘం వాళ్లను, అంటే కమ్యూనిస్టులను, వెతుకుతున్నామంటూ వచ్చి, మీసం మొలిచిన ప్రతివాణ్నీ లారీ ఎక్కించేవాళ్లు. మా ఆయన సంఘం సభకు పోయింది ఒక్కసారే. గొంగడి కప్పుకొని వెనక వరసలో కూర్చొని, మధ్యలోనే నిద్రపోయాడట. ఆయన చేసిన పోరాటం అంతా అదే. అయినా పేరు కాగితంలోకి ఎక్కిందని ఎవరో చెప్పడంతో, మామా ఆయనా దేవరకొండ అవతల మేనత్త ఊరికి పారిపోయారు. ఊళ్లో మిగిలిన మగవాళ్లల్లా మంచం దిగలేనివాళ్లూ, మంచం ఎక్కలేనంత చిన్నవాళ్లూను.

అప్పుడే, మృగశిర కార్తె రాగానే, బ్రహ్మాండమైన వాన పడింది. వాన పడితే సంతోషించాలి కదా! మా అత్త గుమ్మంలో కూర్చొని నెత్తి పట్టుకున్నది. మాది వాన మీదే బతికే ఎర్రనేల చెలక. పదును మూడు రోజులు, మహా అయితే నాలుగు రోజులు ఉంటుంది. ఆలోపు గింజ పడకపోతే ఆ ఏడు జొన్న లేనట్టే. ఇంట్లో జొన్నలు పోసే గుమ్మి అడుగు అప్పటికే కనిపిస్తున్నది. అత్త రెండు రోజులు ఎవరైనా మగమనిషి దొరుకుతాడేమోనని ఊరంతా తిరిగింది. మూడో రోజు పొద్దున లేచి, కట్టె విరిచినట్టు "పిల్లా, ఎడ్లను ఇప్పు" అన్నది.

"గొర్రు ఎవరు వడ్తరు అత్తా?"

"నువ్వే. నా నడుం వంగది. నేను గింజలేస్త."

దారిలో అరుగు మీద దగ్గుతాత ఉన్నాడు. (మాట కంటే దగ్గు ముందు వచ్చేది, అందుకని ఆ పేరు.) నా భుజం మీద మేడిని చూసి ఆయనకు దగ్గు కూడా రాలేదు. "ఓ కోడలా, ఆడది మేడి వడ్తె వాన ఎల్లిపోతదే!" అన్నాడు. మా అత్త ఆగకుండానే, "వడ్డ వానను ఎట్ల వాపసు తీస్కపోతదో సూస్త తాతా" అని ముందుకు నడిచింది. నాకు మాత్రం దిగులే. ఒకవేళ నిజంగానే ఆ తర్వాత వానలు పడకపోతే ఊరంతా నన్నే అంటుంది కదా!

చెలకలో ఎడ్లను కాడికి కట్టి, ఎండకూ ధైర్యానికీ కలిపి మామ రుమాలు తలకు చుట్టుకొని, మేడి పట్టుకొని "హై" అన్నాను. ఎడ్లు కదలలేదు. "హై హై" అన్నాను. కర్రెద్దు వెనక్కి తిరిగి నన్ను చూసి, మళ్లీ ముందుకు తిరిగి నెమరు వేసుకున్నది. ముల్లుగర్రతో పొడిస్తే తోక ఊపింది. అరగంట గడిచింది. పదును ఆరిపోతున్నదని అత్తకు ఒకటే ఆరాటం. చివరికి ఏదో గుర్తొచ్చినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, "తిట్టాలెనే" అన్నది.

"ఏం తిట్టాలె?"

"మీ మామ తిడ్తడు గద, గవి. అవి ఇనకపోతె ఇవి అడుగు తీసి అడుగెయ్యయి."

మా మామ తిట్లు నాలుగూళ్లకు ప్రసిద్ధం. (వాటిని ఇక్కడ రాయను. నా రాత దిద్దేది మా మనవరాలు. అది ఇంకా నన్ను మంచిదాన్నే అనుకుంటున్నది.) అవన్నీ ఎడ్ల తల్లుల గురించీ అక్కల గురించీ ఉండేవి. అత్త ముందు గొంతెత్తి "ఆకలైతాంది" అని కూడా అనని కోడలిని నేను. అట్లాంటి మాటలు ఎట్లా అనను?

"నువ్వు తిట్టు అత్తా."

"ఓయమ్మా! మొగుని తిట్లు పెండ్లాం తిడ్తదానే?"

"మామ తిట్లు కోడలు తిడ్తదా మరి?"

చివరికి ఇద్దరం ఒప్పందానికి వచ్చాం: అత్త అటు తిరిగి చెవులు మూసుకోవాలి, నేను కళ్లు మూసుకొని తిట్టాలి. మొదటి తిట్టు నసిగాను, ఎడ్లకు వినపడలేదు. రెండోది గట్టిగా అన్నాను. జతలోని మైలెద్దు చెవులు రిక్కించింది. మూడోది మామ గొంతులాగే బొంగురుగా తీసి, తల్లినీ అక్కనూ కలిపి ఒక్కసారే అనేశాను. ఎడ్లు ఉరికినట్టే కదిలాయి. కళ్లు తెరిచేసరికి నేను గొర్రు వెంబడి పరుగెత్తుతున్నాను, అత్త గింజలు పట్టుకొని నా వెంట పరుగెత్తుతున్నది. "ఆగవే, గింజ వడ్తలేదు!" అని అరుస్తూ, నవ్వుతూ, కన్నీళ్లు తుడుచుకుంటూ వస్తున్నది. అట్లాంటి మాటలు అనడం ఇంత సుఖంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

సాళ్ల సంగతి మాత్రం చెప్పుకుంటే సిగ్గు. గొర్రు తోలేటప్పుడు ముందు చూపు ఉండాలట. నాకెవరూ చెప్పలేదు. నేను అడుగడుక్కీ వెనక్కి తిరిగి సరిగ్గా వచ్చిందా లేదా అని చూసుకున్నాను. చూసుకున్నప్పుడల్లా అది ఇంకో పక్కకు పోయింది. మధ్యాహ్నానికి సగం చెలక అయింది. అప్పుడు సడక్ మీద జీపు ఆగింది. రుమాలు చుట్టిన తల కనిపించిందేమో, ముగ్గురు పోలీసులు గట్టు దూకి, "ఏయ్! రుక్ జావ్!" అంటూ పరుగెత్తుకొచ్చారు. ఉన్న ఎడ్లను పట్టుకుపోతే? మామ ఎక్కడున్నాడో చెప్పమని అత్తను కొడితే? భయంతో రుమాలు లాగేశాను. జుట్టు ముడి ఊడి వీపు మీద పడింది.

పెద్ద మీసాల జమేదారు ఠక్కున ఆగిపోయాడు. "ఔరత్!" అన్నాడు. తర్వాత, "ఆద్మీ కిధర్ హై?" అని మగవాళ్ల కోసం గద్దించాడు. మా అత్త కొంగు ముఖం మీదికి లాక్కొని, వచ్చిన నాలుగు ఉర్దూ ముక్కలనూ తెలుగులో కలిపి, "ఆద్మీ నై సాబ్. కిధర్ పోయిండ్రో మాలూం నై. మీరే గద ఉన్నోళ్లను ఉండనియ్యకపోతిరి!" అన్నది. ఆయన ఆమెను చూడటం లేదు. నా సాళ్లను చూస్తున్నాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, "యే క్యా హై? ఇక్కడ పాము పోయిందా?" అన్నట్టు చేత్తో మెలికలు తిప్పి చూపించాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఎవరి చెలకైనా పాడవుతుంటే చూడలేనివాడి ముఖం అది. తుపాకీ పక్కవాడి చేతికిచ్చి, బూట్లు విప్పి, మేడి పట్టాడు. అత్త నన్ను గట్టు మీద నిలబెట్టి, కొంగు గడ్డం దాకా దించుకొని, తనే గింజలు వేస్తూ నడిచింది. ఆయన వాళ్ల భాషలో ఏదో అంటే ఎడ్లు వెంటనే కదిలాయి. (ఏమన్నాడో తెలియదు గానీ తల్లుల ప్రసక్తి ఉన్నట్టే తోచింది.) ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా మూడు సాళ్లు, తాడు పట్టి గీసినట్టు. తర్వాత బూట్లు తొడుక్కొని జీపెక్కి పోయాడు. "రైతు బిడ్డే పాపం, గా బట్టలెందుకు ఏసుకున్నడో" అన్నది మా అత్త. మిగతా సగం మేము మర్నాడు పొద్దెక్కేసరికి పూర్తి చేశాం.

వానలు ఎల్లిపోలేదు. జొన్న మొలిచింది. మొలిచాక తెలిసింది నేను చేసిన ఘనకార్యం. భూమిలో ఉన్నన్నాళ్లు వంకర కనిపించలేదు. పచ్చగా లేచేసరికి సడక్ మీద పోయే బండివాళ్లు కూడా ఆపి చూసి పోయేవాళ్లు. దగ్గుతాత కర్ర పట్టుకొని పనిగట్టుకొని వచ్చి చూసి, నవ్వలేక దగ్గాడు.

పైరు మోకాలెత్తు అయ్యేసరికి, పటేలు అందరికీ పూచీ ఇచ్చాడని కబురందుకొని, ఊళ్లో మిగతా మగవాళ్లతో పాటు మామా మా ఆయనా తిరిగి వచ్చారు. మామ ఇంటికి రాకముందే చెలకకు పోయాడు. వచ్చి మంచం మీద కూర్చున్నాడు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. ఏదో ఒకటి అంటాడని, కనీసం "గింజ వృథా పోలే" అంటాడని చెవులు అటే పెట్టాను.

"నడుమ మూడు సాళ్లు సక్కగున్నయి. ఎవడు కొట్టిండు?" అన్నాడు.

మా ఆయన తల తిప్పి తలుపు వైపు చూశాడు. ఆ అనుమానపు చూపు నాకు ఈనాటికీ గుర్తు. అత్త జరిగింది చెప్పింది. మామ మంచం మీంచి లేచి, "పోలీసోడు నా చెలకల మేడి వట్టిండా? గా మూడు సాళ్ల జొన్న నేను ముట్ట!" అని ప్రమాణం చేశాడు. (కోతల్లో అన్నీ ఒకే కుప్పలో కలిశాయి. ఆయన ఏడాదంతా తిన్నాడు.) నాకు ఒళ్లు మండింది. తర్వాత ఏడుపొచ్చింది. మూడు సాళ్ల కోసం ఇంత రభస చేసే మనిషికి మిగతా చెలక అంతా కనపడలేదా? కొట్టంలోకి పోయి మైలెద్దు మెడ మీద తల పెట్టి ఏడ్చాను.

దేవుడు నా మొర విన్నది రెండు రోజుల తర్వాత. సాళ్ల మధ్య గడ్డి పోవడానికి గుంటుక తోలాలి కదా. సాలు నిటారుగా ఉంటే ఎడ్లు వాటంతట అవే పోతాయి. మామ గుంటుక తోలితే పది అడుగుల్లో నాలుగు మొక్కలు తెగాయి. మా ఆయన తోలితే ఏడు తెగాయి. ఆ వంకరలు ఎక్కడ తిరుగుతాయో తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కతే. మామ గట్టు మీద కూర్చొని, కోడలితో నేరుగా మాట్లాడకూడదు కాబట్టి ఆకాశంతో, "దాని వంకర దాన్నే తోలుకొమ్మను" అన్నాడు.

నేను కొంగు నడుముకు దోపి గుంటుక పట్టాను. పక్క చెలకల మగవాళ్లంతా పని ఆపి నిలబడ్డారు. ప్రతి మలుపూ నా కాళ్లకు తెలుసు. ఒక్క మొక్క తెగలేదు. సగం దూరం పోయేసరికి ఎడ్లు ఆగాయి. "హై" అన్నాను. ఊహూఁ. అవి దేనికోసం చూస్తున్నాయో నాకు తెలుసు, అత్తకు తెలుసు. గట్టు మీద మామ, ఈ పక్క మా ఆయన, చుట్టూ ఊరు. అత్త వైపు చూశాను. ఆమె నెమ్మదిగా అటు తిరిగి రెండు చెవులూ మూసుకున్నది.

తిట్టాను. మామ తిట్టే, మామ ముందే, మామ గొంతుతోనే. ఎడ్లు కదిలాయి. ఊరు కదలలేదు. మామ నేలలోకి చూశాడు, చెప్పు చూసుకున్నాడు, చివరికి "ఎడ్లు మంచిగ మాలిమైనయి" అని గొణిగాడు. ఆయన జన్మలో నాకిచ్చిన మెప్పు అదొక్కటే. అదీ ఎడ్ల పేరు మీద.

మరుసటి ఏడు వాన పడగానే మా ఆయన మేడి పట్టాడు, నేను ఒడిలో గింజలు కట్టుకున్నాను. నన్ను ఎవరూ వద్దనలేదు. నేనే అడగలేదు. అడగొచ్చని కూడా అనుకోలేదు. పైగా గట్టు మీద నిలబడి, "మా ఆయన సాళ్లు సూడుండ్రి, ఎంత సక్కగున్నయో" అని అమ్మలక్కలకు చూపించి మురిసిపోయాను కూడా. ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది, నాలుగు తిట్టాలనీ ఉంటుంది.

మేమిద్దరం ముసలివాళ్లమయ్యాక, చెలక పిల్లల చేతికి పోయాక, ఒక సాయంత్రం ఆయన కాళ్లకు నూనె రాస్తుంటే హఠాత్తుగా అన్నాడు: "నువ్వు వంకర సాళ్లు కొట్టిన మల్లేడు, మేడి నువ్వే అడుగుతవనుకున్న. అడిగితె ఇద్దామనే ఉండె. నాకు గొర్రు తోలుడంటె ఎన్నడు ఇష్టం లేకుండె. భుజాలు గుంజేటియి."

"గా మాట అప్పుడు చెప్పొద్దా?" అన్నాను.

"మొగోణ్ని గద, ఎట్ల చెప్త?" అన్నాడు.

ఇద్దరం కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాం. నవ్వు ఆగాక కూడా నా కళ్లలో నీళ్లు ఆగలేదు. ఆయన ఎందుకని అడగలేదు. రెండో కాలు కూడా నా వైపు చాపాడు, నేను నూనె రాశాను.