జ్వరం రాని బడి

మా అక్క నడుస్తుంటే ఆమె నీడ వెనకబడిపోయి, వీధి మలుపు దగ్గర ఆయాసపడుతూ వచ్చి కలుసుకునేది. నమ్మకపోతే మా బావని అడగండి. పెళ్లికి ముందు ఒక సాయంత్రం ఆమెతో సరదాగా నడుద్దామని బయల్దేరిన మనిషి, ఇల్లు చేరేసరికి చెప్పుల అడుగులు అరిగిపోయి ఉత్త పట్టీలతో మిగిలాడు. అయినా పెళ్లి చేసుకున్నాడంటే ఆయన గుండె ధైర్యానికి దండం పెట్టాలి.

అక్క ఒక చిన్న బడికి హెడ్‌మిస్ట్రెస్. ఆరు నుంచి ఎనిమిది దాకా తరగతులు, గదులు రెండే, వాటికి తోడు ఒక వరండా. ఏడో తరగతి వరండాలో కూర్చుంటుంది. వానొస్తే ఆరో తరగతిలోకి దూరుతుంది. అప్పుడు ఆరోవాళ్ల భిన్నాల మధ్యలోంచి ఏడోవాళ్ల చరిత్ర రాజులు గుర్రాలేసుకుని వెళ్తుంటారు. నేను ఏడుతోనే చదువుని వదిలేసినవాణ్ణి. నన్ను వదల్లేక అది బోరున ఏడ్చింది గానీ నేను కరగలేదు. ఇప్పుడు మైక్ సెట్లు అద్దెకిస్తాను. నా స్పీకర్లు మోగితే పక్క వీధి చెవిటి తాత కూడా లేచొచ్చి, "కాస్త తగ్గించరా నాయనా" అంటాడు.

'మేటి బడి' అని ఒక గుర్తింపు ఉంది. ఇదివరకు పెద్దపెద్ద బడులకే ఇచ్చేవారు. కిందటేడు దాన్ని విస్తరించి, అక్క బడిలాంటివాటికి కూడా తలుపు తీశారు. దానికోసం పెట్టే పరీక్షలో పిల్లల సగటు ఒక గీత దాటితే చాలు, ఇత్తడి పలకతో పాటు రెండు కొత్త గదులు కట్టిస్తారు. పలక సంగతి అక్కకి పట్టలేదు. గదులు కావాలి. కబురు తెలిసిన రోజు నుంచి ఖాళీ స్థలంలో నిలబడి గాల్లో గోడలు లేపడం మొదలుపెట్టింది. "ఇక్కడ కిటికీరా, ఇక్కడ బోర్డు" అంటూ లేని గుమ్మంలోంచి నన్ను నడిపించింది. తలకి తగులుతుందేమోనని నేను వంగి మరీ నడిచాను.

ఆ బడి పిల్లలు బాగా చదువుతారు, ఒక నలుగురు తప్ప. ఆ నలుగురిలో దర్జీ ఆవిడ కూతురు ఒకతె. తన పేరు నత్త. ఇంకెవరో పెట్టేలోపు తనే పెట్టుకుంది. ఒక వాక్యం మొదలుపెడితే దాని చివర చుక్క ముసలిదైపోయేదాకా చదువుతుంది.

పరీక్ష ముందురోజు ఆ గుర్తింపు వ్యవహారాలు చూసే సూపర్‌వైజర్ వచ్చాడు. నేను అక్కడే బెల్లు బాగుచేస్తున్నాను.

"మేడం, మీ బడి సరిగ్గా గీత మీదుంది. కాస్త తోస్తే దాటేస్తుంది."

"ఎలా తొయ్యాలండీ?" అంది అక్క.

"పరీక్షకి రానివాళ్లని సగటులో లెక్కెయ్యరు." ఆయన టీ గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. "రేపు మీ వెనక బెంచీకి జ్వరం వస్తే బావుంటుంది."

"జ్వరాలు తెప్పించడం నాకు రాదండీ."

"అన్ని బడుల్లోనూ వస్తోంది మేడం. సీజను."

"మా వైపు గాలి వేరు."

ఈమె లొంగదని తెలిసి, ఆయన వెళ్తూవెళ్తూ లెక్కల మాస్టారి చెవిలో ఊది వెళ్లాడు. మాస్టారు చెడ్డవాడేం కాదు, గదుల కోసం కొట్టుకుపోతున్నవాడే. ఆ సాయంత్రమే నలుగురి ఇళ్లకీ వెళ్లి, రేపు పిల్లల్ని పంపొద్దని చెప్పొచ్చాడు.

తెల్లారి బెల్లు బిగించడానికి వెళ్లి చూస్తే వెనక బెంచీ ఖాళీ.

"జ్వరమట మేడం" అన్నాడు మాస్టారు నేల చూపులు చూస్తూ.

"నలుగురికీ ఒకేసారా? మాట్లాడుకుని తెచ్చుకున్నారా?" అక్క నావైపు తిరిగింది. "ఒరేయ్, నీ మైకుల వ్యాన్ తియ్యి."

దర్జీ ఆవిడ ఇంట్లో నత్త మిషను పక్కన కూర్చుని దారాలు తీస్తోంది. "దీనికి ఒళ్లు కాలిపోతోంది టీచర్ గారూ" అంది తల్లి. అక్క ముందు నత్త నుదుటి మీద చెయ్యేసింది, తర్వాత తల్లి నుదుటి మీద వేసింది.

"దీనికంటే మీకే ఎక్కువగా ఉందమ్మా. మీరు పడుకోండి, ఇది బడికొస్తుంది."

ఆవిడ చేతిలో గుడ్డ పక్కన పెట్టేసింది. "మాస్టారే వద్దన్నారండీ. ఇదొస్తే గదులు రావట. రేపు బడంతా నా కూతుర్ని ఆడిపోసుకోరూ?"

"నేను రాకపోతేనే అందరికీ మంచిది టీచర్" అంది నత్త.

అక్క కింద కూర్చుంది. "అందరిలో నువ్వు లేవూ? నిన్ను బయట కూర్చోబెట్టి కట్టిన గదిలో నాకు పాఠం నోట్లోంచి రాదే పిల్లా. లే. జడ వ్యాన్లో వేస్తాను."

మిగతా ముగ్గురినీ ఎక్కించుకుని నేను తోలిన తోలుడికి కరెంటు స్తంభాలు పక్కకి జరిగి దారిచ్చాయి. బెల్లు కొట్టేసరికి నలుగురూ బెంచీలో ఉన్నారు.

నత్త సగమే రాసింది. సగటు వెంట్రుకవాసిలో గీత కింద పడింది. సూపర్‌వైజర్ ఫోన్ చేసి, "ఇప్పటికైనా ఆ నలుగురూ రాలేదని ఒక్క ముక్క రాసివ్వండి, నేను చూసుకుంటా" అన్నాడు. "వాళ్లు వచ్చారండీ" అని అక్క పెట్టేసింది. గదులు పోయాయి. మాస్టారు కొన్నాళ్లు అక్కతో మాట్లాడ్డం మానేశాడు. అక్క ఆ పూట అన్నం ముట్టలేదు. నేనెంత కోతలు కోసినా నవ్వలేదు.

పలకలిచ్చే సభకి మైక్ నాదే. గుర్తింపు రాని బడులవాళ్లని, పిల్లల తల్లిదండ్రుల్ని కూడా పిలిచారు, చప్పట్లకి మనుషులు కావాలిగా. పథకం ఎంత విస్తరించిందో సూపర్‌వైజర్ ఊదరగొట్టి, చివర్లో మాటవరసకి "ఎవరైనా ఏమైనా అడుగుతారా?" అన్నాడు. ఆయన నోరు మూసేలోపు నా చేతిలో మైకు అక్క చేతిలో ఉంది.

"గుర్తింపు వచ్చిన బడులన్నిటికీ అభినందనలు. పరీక్ష రోజు జ్వరం వచ్చిన మీ పిల్లలకి ఇప్పుడెలా ఉందండీ?"

వేదిక మీద హెడ్మాస్టర్లందరికీ ఒక్కసారిగా ఎవరి పలక వాళ్లకి ముద్దొచ్చింది. సూపర్‌వైజర్ నావైపు చూసి గొంతు మీద చెయ్యి అడ్డంగా ఆడించాడు. పాపం, ఆమె గొంతు సరిగ్గా వినిపించట్లేదనుకుని నేను సౌండ్ పెంచాను.

"మావాడికి జ్వరం లేదండీ! బడివాళ్లే రావద్దన్నారు!" వెనక నుంచి ఒక బస్సు డ్రైవరు లేచి అరిచాడు. "మా పిల్లనీ అంతే!" అని ఇంకొకావిడ. ఆ తర్వాత నా స్పీకర్లు ఎవరికీ వినిపించలేదు. నా వ్యాపారంలో అంత అవమానం ఎప్పుడూ జరగలేదు.

సూపర్‌వైజర్ మెట్లు దిగి అక్క ఎదుట నిలబడ్డాడు. "వచ్చే ఏడు కూడా మీ బడికి రాదు మేడం."

"రాకపోతే మానె. మా పిల్లలు వస్తారు, అందరూ."

సోమవారం ఆ బస్సు డ్రైవరు తన కొడుకుని వెంటబెట్టుకుని అక్క బడికొచ్చాడు. వరండా చూశాడు, ఇరుక్కుని కూర్చున్న ఏడో తరగతిని చూశాడు, గొంతు తగ్గించాడు. "వీడు చదువులో కాస్త మందమండీ. మీ సగటు ఇంకా పడిపోతుందేమో."

"పడనివ్వండి, దానికేం దెబ్బలు తగలవు" అని అక్క కుర్రాడి సంచీ అందుకుంది.