ఏటి ఒడ్డున వేణ్ణీళ్లు

మొన్న ఎమ్మిగనూరు బస్టాండు పక్కన ఎవరో పంపు స్టవ్వు వెలిగిస్తుంటే, ఆ కిరసనాయిలు వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. మా నాన్న ఇల్లులా మార్చిన వ్యానులో అచ్చం అదే వాసన ఉండేది.

ఎనభైల మొదట్లో మేం ఆదోనిలో ఉండేవాళ్లం. పత్తి బళ్లు పోయిన దారిపొడుగునా కంపచెట్లకు దూది వేలాడుతుండేది. ఆడపిల్లలం దాన్ని ఏరి బొమ్మలకు పరుపులు కుట్టేవాళ్లం, ఉగ్గానీ బజ్జీ తిన్న చేతులు గౌనుకు తుడుచుకుని నాన్న చుట్టూ చేరేవాళ్లం. బళ్లో లెక్కలు చెప్పే నాన్నకు సెలవొస్తే చేతిలో స్పానరు ఉండాల్సిందే. మిల్లువాళ్లు వదిలించుకున్న పాత వ్యాను ఒకటి ఆ ఏడు మా వాకిట్లోకి వచ్చింది. ఇల్లు కట్టి చూడు అన్నారుగానీ ఇంటికి చక్రాలు కట్టి చూడమన్నారా అని ఎదురింటాయన ఎగతాళి.

అదంతా అవ్వ కోసం, అంటే నాన్న తల్లి కోసం. కార్తీకంలో ఒక్కసారి మంత్రాలయం పోయి తెల్లవారుజామున తుంగభద్ర నీళ్లతో స్నానం చేయాలని ఆమె ఆశ. ఆమెకు ఉబ్బసం, చన్నీళ్లు పోసుకుంటే ప్రాణానికే ముప్పని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాన్న వ్యానులో పడుకునే బల్ల వేసి, కిటికీలకు ఎమ్మిగనూరు మగ్గం గుడ్డ తెరలు కట్టి, వెనక మూలన స్నానానికి చోటు చేసి, అక్కడ స్టవ్వు మీద రాగి గొట్టాన్ని చుట్టలు చుట్టలుగా బిగించాడు. పైన బిందెలో పోసిన నీళ్లు ఆ చుట్టల్లో పారుతూనే వేడెక్కి, కింద కొళాయిలోంచి పొగలు కక్కుతూ వచ్చేవి. మడికి మంచిదని అంతా రాగే పెట్టాడు. చింతపండుతో తోమింది నేనే.

ఆ కార్తీకంలో ఒకనాడు చీకటితోనే మంత్రాలయంలో ఏటి ఒడ్డున వ్యాను ఆగింది. నాన్నే బిందె ముంచి తెచ్చాడు. కొళాయి తిప్పగానే తడి ఇసుక వాసనలో ఆవిరి కలిసింది. అవ్వ ధార కింద చెయ్యి పెట్టి పసిపిల్లలా నవ్వింది. అంతలోనే చెయ్యి వెనక్కి తీసుకుంది.

“కొళాయిలో తోలు బిళ్ల ఉండాదేమప్పా?”

నీళ్లు కారకుండా కొళాయి లోపల వేసే ఆ తోలు బిళ్ల తగిలితే నీళ్లు మడికి పనికిరావని ఆమె జన్మలో వీధి కొళాయి నీళ్లు ముట్టలేదు, బావి నీళ్లే తాగింది. నాన్నకు తెలియంది కాదు, పని సంబరంలో మరిచిపోయాడు.

“ఉండాదమ్మా,” అన్నాడు, తల వంచుకుని.

అవ్వ కోప్పడలేదు. నాన్న భుజం తట్టి, మెట్లు దిగి, ఏట్లో మూడు మునకలు వేసింది. ఆపబోయిన నాన్న ఆమె చూపు చూసి ఆగిపోయాడు. వణుకుతూ వచ్చిన అవ్వ మొహంలో ఎంత తృప్తో. ఆ కార్తీకం దాటకుండానే ఆమె పోయింది.

“లేదని చెప్పింటే ఏం పోతాండె?” అని అమ్మ ఒక్కసారే అడిగింది.

“ఆయమ్మ మడిని నేనెట్లా చెరిపేది?” అన్నాడు నాన్న.

ఎవరిది తప్పో నాకీ వయసులోనూ తేలలేదు. తలుచుకుంటే దుఃఖం మాత్రం వస్తుంది.

వ్యాను తుక్కుకు పోయింది. మిల్లులు చాలావరకు మూతపడ్డాయి, కంపచెట్లకు దూదీ లేదు. ఇప్పుడు మీట నొక్కితే వేణ్ణీళ్లు, కొళాయిలో ఏముందని అడిగే మనిషి ఏ ఇంట్లోనూ లేదు. నాన్న కూడా లేడు. ఆ కార్తీకం తర్వాత ఆయన ఎంత చలిలోనైనా చన్నీళ్లే పోసుకున్నాడు. ముసలితనంలో నేను బలవంతంగా వేణ్ణీళ్లు తోడిపెడితే కాదనేవాడు కాదు. అవి చల్లారేదాకా పక్కనే కూర్చుని, అప్పుడు పోసుకునేవాడు.