శివయ్య కోసిన పోగులు

శంషాబాద్‌లో మాంసం అమ్మే శివయ్యకు తక్కెడ లేదు. తాతల నాటి నుంచీ మోదుగాకుల మీద పోగులు పెట్టి, పోగుకింత అని అమ్మడమే. రెండు పోగుల మధ్య వేలెడు బొమిక తేడా ఉండేది కాదు. వాటి మీద వాలే ఈగలు కూడా సమానమేనని ఊళ్లో చెప్పుకొనేవారు. లెక్కపెట్టిన వాళ్లూ ఉన్నారు.

ఇంతలో యుద్ధం వచ్చింది. పటాలాల కోసం కంట్రాక్టర్లు మందలకు మందలే తోలుకుపోయారు. ఆరు రూపాయల మేకకు మంఖాల్ గొల్లలు పదహారు చెప్పారు. శివయ్య పోగు ధర పెంచితే ఊరు గగ్గోలు పెట్టింది. ఆ గోల సర్కారు చెవిన పడింది. ఒక పొద్దున రెవెన్యూ గిర్దావరు వచ్చి కొట్టు గుంజకు పలక కొట్టించాడు: సేరు మాంసం ఆరణాలు. మించితే జైలు.

శివయ్య వేళ్ల మీద లెక్కేశాడు. మేకకు పన్నెండు సేర్ల మాంసం వస్తుంది. ఆ లెక్కన పదహారు రూపాయల మేకకు చేతికొచ్చేది నాలుగున్నర!

"సాబ్, మేక రేటు రాయలేదేంది?"

"అది నా పని కాదు."

"మేక లేకుంట మాంసం యాడికెల్లి తేవాలె?"

"అది నీ పని. కొట్టు బంద్ పెట్టినా జైలే."

శివయ్య మాంసం కొట్టే మొద్దు మీదే కూలబడ్డాడు. పెళ్లాం సక్కుబాయి వచ్చి కసిరింది.

"గట్ల కూసుంటే మొద్దు మేకయితదా? పీర్ల పండుగకు ఊరోళ్లు పొత్తుల మేకను కొని నీతోని కోయించుకోలె? తలకాయ, తోలు నీకియ్యలె? గది అమ్ముడా?"

ఆ ఆదివారం పన్నెండు ఇళ్లవాళ్లు కలిసి మేకను కొన్నారు. శివయ్య కోసి పోగులు పెట్టాడు. గిర్దావరు తక్కెడతో సహా ఊడిపడ్డాడు.

"ఎంతకు అమ్ముతున్నవ్?"

"అమ్ముడేంది సాబ్? మేక ఆళ్లది. నేను కూలోన్ని."

గిర్దావరు నమ్మక పన్నెండు పోగులూ తూచాడు. ఒక్కోటీ సరిగ్గా సేరు. ముల్లు వణకలేదు. ఆయన కళ్లు తేలేశాడు. తర్వాత చాలాసేపు మాంసం వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఇంకో పోగు పడదా?"

"పొత్తుల చేరుతె ఎందుకు పడదు సాబ్?" అంది వాటాదారు లచ్చమ్మ, తన పోగు కొంగు కిందికి జరుపుకుంటూ. "రూపాయి పావలా తియ్యి."

తీశాడు. శివయ్య పన్నెండింటినీ కలిపి పదమూడు చేశాడు.

యుద్ధం ముగిశాక పలక పీకేశారు. శివయ్య సొంతంగా మేకను కొని, పోగులు పేర్చి, మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఒక్కరూ రాలేదు. పొత్తు మేకకు అలవాటు పడ్డ ఊరు కొట్టు దారి మరిచిపోయింది.

"నా దుకాణం నువ్వే ముంచినవ్ గదనే!" అన్నాడు శివయ్య.

"జైల్ల కూసుంటె దుకాణం నడుస్తుండెనా?" అంది సక్కుబాయి. "లే, ఇగ. అవుతల లచ్చమ్మోళ్లు మేకను కట్టేసి పిలుస్తున్నరు."