బండి దిగని పెళ్లికొడుకు

పెళ్లిచూపుల్లో కాఫీ ఒలకబోసుకున్నవాళ్లను చూశాను. పెళ్లికూతురనుకుని ఆమె చెల్లెల్ని మెచ్చుకుని వచ్చినవాళ్ల గురించి విన్నాను. వాళ్లంతా అదృష్టవంతులు. కనీసం పిల్ల ఇంట్లోకి వెళ్లారు. నేను మాత్రం నా పెళ్లిచూపులకు పోయి, గడప తొక్కకుండా, నడివీధిలో కారులో స్టీరింగుకు పొట్ట ఆనించుకుని కూర్చున్నాను. చూడవలసినవాళ్లూ, చూడనక్కర్లేనివాళ్లూ కిటికీలోంచి నన్ను చూసి పోయారు. ఇప్పుడు మీరు నవ్వినా నాకు అభ్యంతరం లేదు. ఆరోజు ఆళ్లగడ్డలో ఒక వీధి వీధంతా నవ్వింది. మీరు అదనం.

నా పేరు మద్దిలేటి. నంద్యాలలో ఎరువులు, పురుగుమందుల అంగడి నడుపుతాను. అప్పట్లో అంగట్లో కంటే పక్కనున్న టీ కొట్టులో ఎక్కువగా దొరికేవాణ్ని. ఆ మధ్యే ఒక పాత కారు కొన్నాను. దాంతోపాటు నాకు ఒక సిద్ధాంతం కూడా వచ్చింది. సీటుబెల్టు పెట్టుకోవాలని ప్రభుత్వం బలవంతం చేయకూడదన్నది ఆ సిద్ధాంతం. టీ గ్లాసు చేతిలో పడితే చాలు, మొదలుపెట్టేవాణ్ని.

"గుండె నాది. బండి నాది. నడమ గవర్నమెంటు తాడు ఏంటికప్పా? ఎద్దుకు పగ్గం ఏస్తాం, మనిషికి ఏస్తామా?"

టీ కొట్టులో అందరూ తలలూపేవాళ్లు. మరి టీ తాగించేది నేనే కదా.

నా సిద్ధాంతం ఊరందరికీ ఎక్కింది గానీ కారుకు ఎక్కలేదు. బెల్టు పెట్టుకోకపోతే అది కోడిపిల్లను తొక్కినట్టు కీచుకీచుమని అరిచేది. దాని నోరు మూయించే ఉపాయం పాత సామాన్ల అంగట్లో దొరికింది. బెల్టు చివర ఉండే ఇనుప నాలుక, బెల్టు లేకుండా ఉత్త నాలుక. దాన్ని సీటు పక్కనుండే గాడిలో దూర్చితే, నేను బుద్ధిగా బెల్టు పెట్టుకున్నానని కారు నమ్మేస్తుంది. నమ్మింది. నెలల తరబడి నమ్మింది. నేను కారులో కూర్చుని తిన్న బొరుగులు, కారప్పూస పొడి ఆ నాలుక చుట్టూ చేరి సిమెంటు పోసినట్టు బిగుసుకుపోయింది.

అట్లాంటి రోజుల్లో ఆళ్లగడ్డ సంబంధం వచ్చింది. తెచ్చినవాడు మా మేనమామ ఓబులేసు. పిల్ల పేరు ప్రసన్న, నంద్యాలలోనే ఒక ఆసుపత్రిలో నర్సు. అంతకుముందు రెండు మూడు సంబంధాలు తప్పిపోయి మా అమ్మ బాగా దిగులు పడి ఉంది. అందుకే ఆ ఉదయం ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు ఆమె నాకు పెట్టిన షరతు ఒక్కటే: "ఒరే, ఆడ నీ ఉపన్యాసాలు ఎత్తొద్దు. ఊరికే కూర్చో."

ఊరికే కూర్చోవడంలో నేను ఎంత దూరం వెళ్లానో ఆమె ఊహించి ఉండదు.

శిరివెళ్ల దాటాం. అమ్మ వెనక సీట్లో పూలబుట్ట ఒళ్లో పెట్టుకుని ఉంది. మామ నా పక్కన కునుకు తీస్తూ, ఉన్నట్టుండి కళ్లు తెరిచాడు.

"పోలీసులప్పా."

"యాడ?"

"ఆడ, చింతచెట్టు కింద."

పెళ్లిచూపులకు పోతూ పోలీసులతో మాట పడటం ఏ పెళ్లికొడుక్కీ మంచిది కాదు. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో బెల్టు లాగి ఒంటికి అడ్డంగా తెచ్చాను. గాడిలో పెడదామంటే అక్కడ దొంగ నాలుక కాపురం ఉంది. దాన్ని ఊడదీయడానికి ఎర్ర మీట నొక్కాను. కదల్లేదు. గుద్దాను. కదల్లేదు. చింతచెట్టు దగ్గరపడుతోంది. ఇంక ఆలోచించకుండా బెల్టు కొసను సీటు పక్క సందులోకి, కిందికంటా తోసేశాను. అది జారి పైకి రాకూడదని సీటు కిందున్న పిడి లాగి, సీటును ముందుకు జరిపాను. కటక్కుమని చప్పుడైంది.

చెట్టు దాటాం. కానిస్టేబులు మా వైపు తల కూడా తిప్పలేదు. తోపుడుబండి మీదున్న సీతాఫలాలు ఒత్తి చూసుకుంటున్నాడు.

"ఇంక తీసెయ్," అన్నాడు మామ.

లాగాను. రాలేదు. సీటు జరిగే ఇనుప పట్టా బెల్టు కొసను కరిచి పట్టుకుంది. సీటు వెనక్కి జరుపుదామంటే అదీ రాదు. పైన బెల్టు ఒక్క అంగుళం కూడా సాగకుండా బిగుసుకుంది. నాకు మొదటి నుంచీ కొంచెం నిండైన పొట్ట. అది ఇప్పుడు స్టీరింగు మధ్యలో ఒదిగింది. గట్టిగా ఊపిరి తీస్తే హారన్ మోగుతోంది.

"దిగేటప్పుడు చూద్దాంలే," అన్నాడు మామ, మళ్లీ కళ్లు మూసుకుంటూ.

దిగేటప్పుడు మామ దిగాడు. అమ్మ దిగింది. ప్రసన్న వాళ్ల నాయన సుబ్బరాయుడు తువ్వాలు సర్దుకుంటూ ఎదురొచ్చాడు. ఆయన వెనక ఆయన తల్లి, ఊతకర్ర పట్టుకున్న అవ్వ. అమ్మ నా వైపు వంగి గుసగుసగా అంది.

"దిగరా."

"రాదుమా."

"ఏం రాదు?"

"నేను."

అమ్మ ముఖంలో రంగు పోయింది. సుబ్బరాయుడు కిటికీ దగ్గరకు వచ్చి నమస్కారం పెట్టాడు. నేను కూడా చేతులు జోడించి వంగాను. హారన్ మోగింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. తప్పయిందని చెప్పడానికి మళ్లీ వంగాను. మళ్లీ మోగింది.

"మర్యాద ఉండే పిల్లోడే," అంది అవ్వ. "వాడు దండం పెడితే బండి గూడా పెడతాంది."

"లోపలికి రాండప్పా," అన్నాడు సుబ్బరాయుడు.

అప్పుడు నేను నిజం చెప్పి ఉంటే అంతటితో అయిపోయేది. కానీ మా మామ నాకంటే ముందు నోరు తెరిచాడు.

"మావానికి చట్టమంటే ప్రాణం అన్నా. ఇంజను సల్లబడేదాకా బెల్టు తీయడు."

సుబ్బరాయుడు అయోమయంగా తలూపాడు. ఈ కాలంలో ఇంత పద్ధతిగా ఉండే పిల్లలు ఉన్నారా అన్నట్టు చూశాడు. కాసేపట్లోనే కిటికీలోంచి ఓళిగల పళ్లెం వచ్చింది. పెట్టుకోవడానికి చోటు లేక స్టీరింగు మీదే పెట్టుకున్నాను. మామ లోపలికి పోయి మంచం మీద కూర్చుని హాయిగా తింటున్నాడు. వీధిలో జనం పోగయ్యారు. ఇంజను చల్లబడింది. చల్లబడి చాలాసేపైంది. నేను దిగలేదు.

అవ్వ కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. తర్వాత, వీధి చివరిదాకా వినిపించే రహస్యంగా, కొడుకుతో అంది.

"సుబ్బా, పిల్లోనికి కాళ్లు లేవేమో అడుగు."

మా అమ్మ విన్నది. అంతవరకూ భయంతో చచ్చిపోతున్న మనిషి ఒక్కసారిగా పులైంది.

"కాళ్లు లేకపోవడమేందీ? వానికి రెండు కాళ్లూ శుబ్బరంగా ఉండాయి. ఒరే, తలుపు తీసి చూపియ్ రా."

చూపించాను. అంతకంటే ఏం చేయను? తలుపు తెరిచి కుడికాలు బయటికి చాపి, గాల్లో అటూ ఇటూ ఆడించాను. చెప్పు ఊడి దూరంగా పోయి పడింది. అవ్వ దగ్గరికి వచ్చి మోకాలు తట్టి చూసింది.

"ఇది బాగుండాది. రెండోది?"

రెండోది చూపించే వీలు లేదని నేను వివరిస్తున్నప్పుడు ప్రసన్న బయటికి వచ్చింది. తల వంచుకుని కాఫీ పళ్లెంతో వచ్చే పద్ధతేమీ లేదు. నేరుగా కారు దగ్గరికి వచ్చి, బెల్టు చూసి, పొట్ట చూసి, నా ముఖం చూసింది.

"ఇరుక్కున్యారా?"

ఆ పూటంతా నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. "అవును," అన్నాను. ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను.

"కొడవలి తేండి, కోసేద్దాం," అన్నారెవరో.

"శుభమా అని వస్తే కొడవలి మాటలేందీ?" అంది అమ్మ.

సుబ్బరాయుడు తెలిసిన మెకానిక్ ఖాదర్‌వల్లికి ఫోన్ చేశాడు. అతను ఏదో లారీ కింద పడుకుని ఉన్నాడట, బండినే షెడ్డుకు తెమ్మన్నాడు. తేవాలంటే నడపాలి. నడిపే సీటులో నేనే ఉన్నాను, ఎట్లాగూ లేవను. దారి చూపించడానికి ఒక మనిషి కావాలి. మామ అప్పటికి ఓళిగల మీది నుంచి చేయి తీసే స్థితిలో లేడు.

"నేను పోతా," అంది ప్రసన్న. "అవ్వా, నువ్వు ఎనక కూర్చో."

ఆ విధంగా నా పెళ్లిచూపులు రోడ్డెక్కాయి. కారు కదిలేటప్పుడు అద్దంలో మా అమ్మ కనిపించింది. వీధి మధ్యలో, నా చెప్పు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

శిల్పుల షెడ్ల వెంబడి పోతున్నాం. రోడ్డు పక్కన నడుము దాకా చెక్కిన రాతి విగ్రహాలు తెల్లటి దుమ్ములో నిలబడి ఉన్నాయి. నడుము నుంచి కిందికి ఇంకా బండరాయే. వాటిని చూస్తే నాకు బంధువుల్లా అనిపించాయి. ప్రసన్న తన బెల్టు లాక్కుని, గాడి కోసం మా ఇద్దరి సీట్ల మధ్య వెతికింది. వెతికి ఆగింది.

"మీ బెల్టు సీటు కింద ఉండాది. మరి ఈ గాడిలో ఉండేది ఎవరిది?"

ఏదో ఒకటి చెబుదామని ఊపిరి తీశాను. హారన్ మోగింది. నా అబద్ధాలు ఇంక తనవల్ల కాదని కారు చెప్పినట్టనిపించింది.

"అది ఉత్తదే. బండి అరవకుండా పెట్టినా."

"అంటే మీరు బెల్టు పెట్టుకోరా?"

"పెట్టుకోను."

"చట్టమంటే ప్రాణమన్యాడే మీ మామ?"

"మా మామకు ఓళిగలంటే ప్రాణం."

ఆమె నవ్వలేదు. అమ్మ షరతు మరిచిపోయి నేను టీ కొట్టు ఉపన్యాసం ఎత్తుకున్నాను. గుండె నాది, బండి నాది, నడమ గవర్నమెంటు తాడు ఏంటికి. టీ కొట్టులో అయితే ఇక్కడ తలలూపేవాళ్లు. ఆమె రోడ్డు వైపు చూస్తూ మామూలు గొంతుతో జవాబిచ్చింది. అంతసేపూ "మీరు" అంటున్న మనిషి "నువ్వు"లోకి దిగింది.

"గుండె నీదేలే. అది ఆగితే పైకెక్కి ఒత్తాల్సింది మేము. బండ్లు గుద్దుకోని వచ్చేటోళ్లను రోజూ చూస్తాండా. బయట బెంచీ మీద కూర్చోని, మేం తలుపు తీసినప్పుడల్లా మా మొకాలు చూసేది మీ అమ్మ. నీ ఒక్కనిది ఎట్లయితాది?"

టీ కొట్టులో ఈ మాట అన్నవాళ్లు ఎవరూ లేరు. నా సిద్ధాంతంలో గుండె, బండి, గవర్నమెంటు ఉన్నాయి గానీ బెంచీ లేదు. చెప్పు పట్టుకుని నిలబడ్డ అమ్మ మళ్లీ కళ్ల ముందుకొచ్చింది.

"నాకు గూడా తాడు కట్టు పాపా," అంది వెనకనుంచి అవ్వ. "నాకెవరు ఒత్తుతారు?"

ప్రసన్న కారు ఆపమని, దిగి, అవ్వకు బెల్టు బిగించి వచ్చింది. అప్పుడు మాత్రం నవ్వింది. నేనూ నవ్వాను. పొట్ట కదిలి హారన్ మోగింది. రోడ్డు పక్కన ఒక శిల్పి ఉలి ఆపి మా వైపు చూశాడు.

ఖాదర్‌వల్లి లారీ కిందనుంచి బయటికి వచ్చి, సీటు కింద తల పెట్టి, ఏదో పెద్ద స్పానరుతో ఒక్క దెబ్బ కొట్టాడు. సీటు వెనక్కి జరిగింది. నా పొట్ట తన సహజ స్థానానికి వచ్చింది. దొంగ నాలుకను కూడా పెరికి అరచేతిలో పెట్టుకుని అడిగాడు.

"ఇది కావాల్నా అన్నా?"

ప్రసన్న, అవ్వ ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"వద్దు," అన్నాను. అతను దాన్ని పాత ఇనుము కుప్పలోకి విసిరేశాడు. తిరిగి వచ్చేటప్పుడు నా ఒంటి మీద అసలు బెల్టు, అసలు గాడిలో బిగిసి ఉంది. పొట్ట మీద దాని బరువు పెద్దగా తెలియనే లేదు.

ఈసారి వీధిలో కారు దిగాను. రెండు కాళ్ల మీద నిలబడ్డాను. అవ్వ చుట్టుపక్కల వాళ్లకు నన్ను చూపించి, "రెండూ ఉండాయి," అని ప్రకటించింది. ఇంట్లోకి పోయి ఓళిగలు అడిగితే అయిపోయాయన్నారు. ఎవరు తిన్నారో నేను చెప్పనక్కర్లేదు.

ఇంటికి వచ్చాక అమ్మ ఈ సంబంధం మీద ఆశ వదులుకుంది. వాళ్లు ఫోన్ చేస్తే ఏం చెప్పాలో తెలియక రెండు పూటలు ఫోన్ వంటింట్లో దాచింది. ఫోన్ వచ్చింది. పిల్ల ఒప్పుకుందన్నారు. అమ్మ నమ్మక, ఏ పిల్ల అని అడిగింది.

మా పెళ్లయ్యాక ఒకరోజు నేనే ప్రసన్నను అడిగాను. "ఆరోజు నన్ను చూసి గూడా ఏంటికి ఒప్పుకున్యావ్?"

"మా వార్డులో చిన్న కట్టు కడితేనే మగోళ్లు ఇంట్లో వాళ్ల మీద అరుస్తారు," అంది. "నువ్వు అంతసేపు ఎండలో ఇరుక్కోని ఉండావు. వీధంతా నవ్వినారు. అవ్వ నీ మోకాలు తట్టి చూసింది. ఒక్కరి మీద గూడా గొంతు లేపలేదు. అంత ఓర్పు ఉండే మనిషి బెల్టు పెట్టుకోవడం నేర్చుకోలేడా అనుకున్యా."

ఆ మాట విని నాకు కళ్లు చెమర్చాయి. ఆమె అది ఆనందం అనుకుంది. సగం ఆనందమే. మిగిలిన సగం మీకు మాత్రమే చెబుతాను. ఆరోజు అరవాలని నాకు చాలాసార్లు అనిపించింది. మామ మీద, అవ్వ మీద, ఆ సీతాఫలాల కానిస్టేబులు మీద. కానీ స్టీరింగు పొట్టలోకి అంతలా దిగబడి ఉంటే, అరవడానికి ఊపిరేదండీ?

ఈ సంగతి ఆమెకు ఇంతవరకూ తెలియదు. తెలియకుండా ఉండాలని నేను ఇప్పటికీ గొంతు లేపడం లేదు. అలవాటైపోయి, నిజంగానే ఓర్పు వచ్చిందేమోనని ఈమధ్య నాకే అనుమానంగా ఉంది.

కాబట్టి నా భార్య, మా అమ్మ, ఓబులేసు మామ సాక్షిగా, పూర్తి తెలివిలో ఉండి చేస్తున్న ప్రమాణం ఏమంటే: ఈ జన్మలో నేను ఇంకోసారి పెళ్లిచూపులకు పోను.